కాదన్న కంప్యూటరు కారణం చెప్పాలి

మీ పాఠశాల ఆఫీసు గదిలో లావుపాటి అడ్మిషను రిజిస్టరు ఒకటి ఉంటుంది. మీరు బడిలో చేరిన రోజున మీ పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు, చేరిన తరగతి అందులోకి ఎక్కాయి. ఆ రిజిస్టరులో పుట్టిన తేదీ గడిలో ఎవరైనా "ఫిబ్రవరి 31" అని రాశారనుకోండి. కాగితం ఏమంటుంది? ఏమీ అనదు. సిరా పీల్చుకుని ఊరుకుంటుంది. ఇద్దరు పిల్లలకు ఒకే అడ్మిషను నెంబరు వేసినా దానికి పట్టదు. ఏళ్లు గడిచాక టి.సి. రాసేటప్పుడో, సర్టిఫికెట్టు చేతికి వచ్చినప్పుడో ఆ తప్పు బయటపడుతుంది. అప్పుడు దాన్ని దిద్దించడానికి ఎన్ని ఆఫీసులు తిరగాలో మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగి చూడండి.

ఇదే రిజిస్టరును కంప్యూటరులో పెడితే దాన్ని డేటాబేస్ అంటారు. కాగితానికీ డేటాబేస్‌కూ తేడా ఏమిటని అడిగితే చాలామంది వేగం అంటారు. అది నిజమే. కాని అంతకన్న పెద్ద తేడా ఇంకొకటి ఉంది. డేటాబేస్‌కు "కాదు" అనడం తెలుసు. తప్పు రాయబోతే రాయనివ్వదు. ఎందుకు రాయనివ్వలేదో చెబుతూ ఒక వాక్యం చూపిస్తుంది. దాన్ని ఎర్రర్ మెసేజ్ అంటారు. మనం పొరపాటు సందేశం అందాం. ఆ వాక్యం ఎందుకు అంత అర్థంకాకుండా ఉంటుంది, దాన్ని అర్థమయ్యేలా రాయడం ఎలా అనేదే ఈ పాఠం.

పట్టికలు, నియమాలు

సమాచారాన్నంతా అడ్డు వరుసలు, నిలువు వరుసలు ఉన్న పట్టికలుగా పెట్టుకోవచ్చని 1970లో ఎడ్గార్ కాడ్ ఒక పరిశోధన వ్యాసంలో ప్రతిపాదించాడు. ఆయన ఇంగ్లండులో పుట్టి, అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసినవాడు. ఇవాళ బ్యాంకు ఖాతాలు, రైలు టిక్కెట్లు, పరీక్షా ఫలితాలు చాలావరకు ఆ పద్ధతిలో ఉన్న పట్టికల్లోనే ఉంటున్నాయి.

మన బడి కోసం రెండు పట్టికలు తయారు చేద్దాం. మొదటిది "విద్యార్థులు". అందులో అడ్మిషను నెంబరు, పేరు, పుట్టిన తేదీ అని మూడు నిలువు వరుసలు. రెండోది "మార్కులు". అందులో అడ్మిషను నెంబరు, సబ్జెక్టు, వచ్చిన మార్కులు. పట్టికలు గీసేటప్పుడే డేటాబేస్‌కు కొన్ని నియమాలు చెప్పి పెడతాం. ఒక అడ్మిషను నెంబరు ఒక్కరికే ఉండాలి. పేరు గడి ఖాళీగా ఉండకూడదు. మార్కులు 0 నుంచి 100 లోపే ఉండాలి. మార్కుల పట్టికలో కనిపించే ప్రతి అడ్మిషను నెంబరూ విద్యార్థుల పట్టికలో ఉండి తీరాలి. లేని పిల్లవాడికి మార్కులు వేయడం కుదరదు కదా! ఆ తరువాత ఎవరు ఏది రాసినా డేటాబేస్ ఈ నియమాలతో సరిచూస్తుంది. ఏ ఒక్కటి తప్పినా ఆ వరుసను లోపలికి రానివ్వదు.

డేటాబేస్‌తో మాట్లాడడానికి ఒక భాష ఉంది. దాని పేరు ఎస్‌క్యూఎల్. ఐ.బి.ఎం.లోనే పనిచేసిన డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ 1974లో దీని తొలి రూపాన్ని ప్రకటించారు. వాళ్లు ఈ భాషను ఎవరి కోసం తయారు చేశారో తెలిస్తే ఆశ్చర్యపోతారు. కంప్యూటరు నిపుణులు కానివారి కోసం! లెక్కలు చూసే అకౌంటెంట్లు, భవనాల ప్లాన్లు గీసేవాళ్లు, నగరాల ప్రణాళికలు వేసేవాళ్లు కూడా దీన్ని నేర్చుకుని వాడగలరని వాళ్లు తమ వ్యాసంలో రాశారు. అందుకే దాని ఆజ్ఞలు మామూలు ఇంగ్లీషు మాటల్లా ఉంటాయి. అడిగే భాష సామాన్యుడికి అందేలా తయారైంది. జవాబుగా వచ్చే "కాదు" మాత్రం చాలాకాలం ఇంజనీర్లకే అర్థమయ్యేలా ఉండిపోయింది.

నోరు మెదపని డేటాబేస్

పొరపాటు సందేశం చూస్తే అందరికీ చిరాకు. అసలు అవి లేకుండా, ఏది రాస్తే అది పుచ్చుకునే డేటాబేస్ ఉంటే హాయి కదా అనిపించవచ్చు. అలాంటి ఏర్పాటు నిజంగానే ఉండేది. దాని ఫలితం ఏమిటో చూద్దాం.

మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ ప్రపంచమంతటా వాడుకలో ఉంది. అందులో చిన్న సంఖ్యలు దాచుకోవడానికి ఒక చిన్న గడి రకం ఉంది. అది ఒక బైటు, అంటే 8 బిట్ల చోటు మాత్రమే తీసుకుంటుంది. అందులో -128 నుంచి 127 వరకే పడుతుంది. పదో తరగతిలో 600కు 543 మార్కులు తెచ్చుకున్న అమ్మాయి మొత్తాన్ని ఎవరో తెలియక ఆ చిన్న గడిలో రాశారనుకోండి. పాత వెర్షన్లలో, ప్రత్యేకంగా అడిగితే తప్ప, డేటాబేస్ "కాదు" అనేది కాదు. గడిలో పట్టే అతి పెద్ద సంఖ్య ఏదో అది రాసేది. అంటే 127! ఒక హెచ్చరికను మాత్రం పక్కన పెట్టేది. వెళ్లి అడిగితేనే అది కనిపించేది. అడిగేవాళ్లు తక్కువ. 2015లో వచ్చిన 5.7 వెర్షను నుంచి ఈ పద్ధతి మారింది. ఇప్పుడు మామూలుగా ఆ సంఖ్యను నిరాకరించి, ఫలానా నిలువు వరుసలో విలువ హద్దు దాటిందని చెబుతుంది.

తేదీల్లోనూ ఇలాంటి చిక్కే ఉంది. మనం రోజు, నెల, సంవత్సరం అనే వరుసలో రాస్తాం. అమెరికాలో నెల ముందు, రోజు తరువాత. ఒక పాఠశాలలో పిల్లల వివరాలు కంప్యూటరుకు ఎక్కిస్తున్నప్పుడు నేను పక్కన ఉండి చూశాను. 23-07-2011 అని కొడితే తెర మీద "పొరపాటు, మళ్లీ ప్రయత్నించండి" అని మాత్రమే వచ్చింది. ఆ గుమాస్తా ఓపికమంతుడు. అదే తేదీని అయిదుసార్లు కొట్టాడు. ఆ కార్యక్రమం నెలను ముందు అడుగుతోందనీ, 23వ నెల లేదు కాబట్టి ఒప్పుకోవడం లేదనీ చివరకు తెలిసింది. అసలు ప్రమాదం అంతకుముందే జరిగిపోయింది. 05-07-2011న పుట్టిన అబ్బాయి వివరాలు ఏ అడ్డూ లేకుండా లోపలికి వెళ్లాయి. జూలై 5 కాస్తా మే 7 అయింది. 12వ తేదీ లోపు పుట్టిన పిల్లలందరి వివరాలూ మళ్లీ తీసి చూడవలసి వచ్చింది. "తేదీ నెల-రోజు-సంవత్సరం వరుసలో రాయండి" అని మొదటి నిరాకరణలోనే చెప్పి ఉంటే ఆ పని తప్పేది.

కాబట్టి "కాదు" అనడం డేటాబేస్ చేసే మేలు. ఆ మేలు మనకు అందాలంటే దాని మాట మనకు అర్థం కావాలి.

ఒక సందేశాన్ని విప్పి చూద్దాం

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనేది ఎవరైనా ఉచితంగా వాడుకోగల డేటాబేస్. మన విద్యార్థుల పట్టికను అందులో పెట్టి, ఇప్పటికే ఉన్న 1417 నెంబరుతో ఇంకో విద్యార్థిని చేర్చబోయాం అనుకోండి. అప్పుడు అది ఇంగ్లీషులో చెప్పేది ఇలా ఉంటుంది: "డూప్లికేట్ కీ వాల్యూ వయొలేట్స్ యూనిక్ కన్‌స్ట్రెయింట్ స్టూడెంట్స్_పీకీ."

ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లకు కూడా ఇది మంత్రంలా ఉంటుంది. దీన్ని మాట మాటగా విప్పుదాం. "కీ" అంటే ఒక వరుసను గుర్తుపట్టడానికి వాడే విలువ. మనకు అది అడ్మిషను నెంబరు. "డూప్లికేట్" అంటే రెండోసారి వచ్చినది. "యూనిక్ కన్‌స్ట్రెయింట్" అంటే ఒకటే ఉండాలనే నియమం. చివర ఉన్న వింత మాట ఆ నియమానికి డేటాబేస్ తనంతట తాను పెట్టుకున్న పేరు. మొత్తం కలిపితే: ఒక నెంబరు ఒకరికే ఉండాలన్న నియమం తప్పింది.

మాట నిజమే. కాని ఏ నెంబరు? ఆ సంగతి కింద ఇంకో పంక్తిలో ఉంటుంది. "వివరం: అడ్మిషను నెంబరు 1417 ఇదివరకే ఉంది" అని దాని అర్థం. ఇప్పుడు గుమాస్తాకు ఏం చేయాలో తెలుస్తుంది. 1417 ఎవరిదో చూసి, కొత్తవారికి సరైన నెంబరు వేస్తాడు. ఒకే పొరపాటుకు రెండు పంక్తులు ఎందుకు? మొదటిది డేటాబేస్‌ను నడిపే ఇంజనీరుకు ముఖ్యం. రెండోది సమాచారం ఎక్కించేవాడికి ముఖ్యం. కొన్నిచోట్ల మూడో పంక్తి కూడా ఉంటుంది. దాన్ని "సూచన" అంటారు. జరిగిందేమిటి, దాని వివరమేమిటి, ఏం చేస్తే బాగుపడవచ్చు అనే మూడింటినీ విడివిడిగా చెప్పాలని పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ తయారుచేసేవాళ్లు ఒక పద్ధతి పెట్టుకుని దాన్ని తమ నియమావళిలో రాసుకున్నారు. సూచన ఒక ఊహ మాత్రమే, అది తప్పు కావచ్చు. మొదటి రెండూ జరిగిన సంగతులు. రెంటినీ కలిపేయకూడదని వాళ్ల ఉద్దేశం. ప్రయోగశాల రికార్డులో మీరు "పరిశీలన"నూ "నిర్ణయం"నూ వేరువేరుగా రాస్తారు కదా, ఇదీ అలాంటిదే.

మరి ఇంత చక్కగా రెండు పంక్తులు ఉంటే, తెర మీద మనకు "ఏదో పొరపాటు జరిగింది" అని మాత్రమే ఎందుకు కనిపిస్తుంది? డేటాబేస్‌కూ మనకూ మధ్య ఇంకో కార్యక్రమం ఉంటుంది. ఫారం చూపించేది, బటన్లు చూపించేది అదే. డేటాబేస్ ఆ కార్యక్రమానికి చెబుతుంది, అది మనకు చెబుతుంది. మధ్యవర్తి సోమరి అయితే కబురు సగమే చేరుతుంది. "1417 ఇదివరకే ఉంది" అని లోపల విన్న కార్యక్రమం బయటకు వచ్చి "ఏదో అయింది" అంటుంది. తెలిసిన కారణాన్ని దాచి, తెలియనట్టు మాట్లాడటం నాకు మాత్రం ఏమాత్రం నచ్చని అలవాటు.

మధ్యవర్తి పని సులువు చేయడానికి ఒక ఏర్పాటు ఉంది. 1992 నాటి ఎస్‌క్యూఎల్ ప్రమాణంలో పొరపాట్లకు అయిదు స్థానాల సంకేతాలు పెట్టారు. మొదటి రెండు స్థానాలు పొరపాటు ఏ జాతిదో చెబుతాయి, మిగిలిన మూడు దాన్ని ఇంకా విడమరుస్తాయి. పిన్‌కోడు మొదటి అంకె 5 అయితే అది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక ప్రాంతానిదని తపాలావాళ్లకు తెలిసినట్టే ఇదీ. 08తో మొదలైతే డేటాబేస్‌తో సంబంధం తెగిపోయింది. 22 అయితే విలువలోనే దోషం ఉంది. 22012 అంటే సున్నాతో భాగించబోయారు. 23 అయితే పట్టిక నియమం తప్పింది. మన 1417 కథలో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఇచ్చే సంకేతం 23505. సందేశం ఏ భాషలో ఉన్నా ఈ సంకేతం మారదు. అందువల్ల కార్యక్రమం రాసేవాడు 23505 చూడగానే "ఈ అడ్మిషను నెంబరు ఇప్పటికే వేరొకరికి ఉంది. నెంబరు సరిచూడండి" అని శుభ్రమైన తెలుగులో చూపించవచ్చు. పెద్ద ఖర్చేమీ లేదు. ఒకరు కూర్చుని ఆ వాక్యం రాయాలి, అంతే.

పొరపాటు ఒకచోట, వేలు చూపేది ఇంకొకచోట

కొత్తగా ఎస్‌క్యూఎల్ నేర్చుకునేవాళ్లను ఎక్కువ తికమక పెట్టేది ఇదే. విద్యార్థుల పేర్లు మాత్రం చూపించమని అడగాలంటే "సెలెక్ట్ నేమ్ ఫ్రం స్టూడెంట్స్" అని రాయాలి. ఒక విద్యార్థి "నేమ్" తరువాత అలవాటు కొద్దీ ఒక కామా పెట్టాడు. మైఎస్‌క్యూఎల్ అప్పుడు ఏమంటుందంటే: మీ వాక్యంలో వ్యాకరణ దోషం ఉంది, మొదటి పంక్తిలో "ఫ్రం స్టూడెంట్స్" దగ్గర సరైన పద్ధతి ఏమిటో మీ వెర్షను మాన్యువల్‌లో చూసుకోండి, అని.

విద్యార్థి "ఫ్రం" స్పెల్లింగు చూస్తాడు, సరిగా ఉంది. "స్టూడెంట్స్" చూస్తాడు, అదీ సరిగానే ఉంది. తల పట్టుకుంటాడు. అసలు దోషం దానికి ముందున్న కామాలో ఉంది! కంప్యూటరు ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోతుంది. కామా చూసినప్పుడు దానికి ఏ అనుమానమూ రాదు. కామా తరువాత ఇంకో నిలువు వరుస పేరు వస్తుందని ఎదురుచూస్తుంది. "ఫ్రం" ఎదురైనప్పుడే ఆగిపోతుంది. అది చెప్పేది తాను ఆగిన చోటు. మనకు కావలసింది మనం జారిన చోటు. ఈ రెండూ ఒకటి కావు. బ్రాకెట్టు తెరిచి మూయడం మరిచిపోతే కంప్యూటరు వాక్యం చివరి వరకు వెళ్లి ఆగుతుంది, అక్కడ చూపించడానికి అక్షరమే ఉండదు కాబట్టి రెండు ఖాళీ కొటేషను గుర్తులు చూపిస్తుంది. అది మరీ వింతగా ఉంటుంది. గుర్తుంచుకోండి: ఇలాంటి సందేశం వస్తే చూపించిన చోటు నుంచి వెనక్కి చదువుకుంటూ రావాలి.

"వెంకటలక్ష్మి"కి చోటు చాలలేదు

మైక్రోసాఫ్ట్ సంస్థ తయారుచేసే ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో చాలా ఏళ్లు ఒక సందేశం పేరుమోసింది. గడిలో పట్టనంత పొడవైన మాట రాయబోతే "అక్షరమాల లేదా బైనరీ సమాచారం కత్తిరించబడుతుంది" అనే అర్థం వచ్చే వాక్యం చూపించి ఆగిపోయేది. అంతే. ముప్ఫయి నిలువు వరుసలున్న పట్టికలోకి వెయ్యిమంది వివరాలు ఒకేసారి ఎక్కిస్తున్నప్పుడు ఈ వాక్యం వస్తే? 1000 × 30 = 30,000 గడులు! పొడవు ఎక్కువైన గడి ఏదో మీరే వెతుక్కోవాలి. ఆ గడి ఏదో కంప్యూటరుకు తెలుసు, తెలియకపోతే ఆగేదే కాదు. వాడేవాళ్లు ఏళ్ల తరబడి అడిగారు. చివరకు 2019 వెర్షనులో ఆ సందేశం మారింది. ఇప్పుడు ఏ పట్టిక, ఏ నిలువు వరుస, ఏ మాట అని మూడూ చెబుతుంది. సగం రోజు వెతుకులాట ఒక్క చూపుతో తేలిపోతుంది.

ఒరాకిల్ అనే డేటాబేస్ ఈ విషయంలో నయం. పట్టిక పేరు, నిలువు వరుస పేరు చెప్పి, "వచ్చినది 36, గరిష్ఠం 30" అని అంకెలు కూడా ఇస్తుంది. ఇంతకన్న స్పష్టంగా ఎవరు చెప్పగలరు? కాని ఒక తెలుగు అమ్మాయి పేరుతో దీన్ని పరీక్షించి చూడండి.

"వెంకటలక్ష్మి" అనే పేరులో అక్షరాలు ఎన్ని? వెం, క, ట, ల, క్ష్మి. అయిదు. గడి 30 వరకు పడుతుంది. అయినా చోటు చాలలేదంటుంది. ఎందుకు?

కంప్యూటరు లెక్క వేరు. మన "క్ష్మి"ని అది ఒక అక్షరంగా చూడదు. క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఆరు గుర్తులుగా చూస్తుంది. "వెం"లో వ, ఎత్వం, సున్న అని మూడు. మధ్యలోని క, ట, ల మూడు. మొత్తం 3 + 3 + 6 = 12 గుర్తులు. ఇవాళ ఎక్కువగా వాడే యూటీఎఫ్-8 అనే పద్ధతిలో ఒక్కొక్క తెలుగు గుర్తుకూ 3 బైట్లు కావాలి. 12 × 3 = 36 బైట్లు. ఆ గడి కొలత 30 బైట్లు. ఒరాకిల్‌లో ప్రత్యేకంగా చెప్పకపోతే గడి పొడవును బైట్లలోనే కొలుస్తారు. అదే పేరును ఇంగ్లీషు లిపిలో రాస్తే 14 అక్షరాలు, అక్షరానికి ఒక బైటు చొప్పున 14 బైట్లు. హాయిగా పడుతుంది.

అంటే ఆ సందేశంలో అంకెలు సరిగ్గా ఉన్నాయి, కొలమానం మాత్రం చెప్పలేదు. భౌతికశాస్త్రం పరీక్షలో "36" అని రాసి ప్రమాణం రాయకపోతే నేను మార్కు తీసేస్తాను. అది మీటర్లో సెంటీమీటర్లో ఎవరికి తెలుసు? ఇక్కడా అంతే. ఇంగ్లీషు మాత్రమే రాసేవాడికి అక్షరమూ బైటూ ఒకటే కాబట్టి ఆ లోటు తెలియదు. తెలుగు, తమిళం, హిందీ రాసేవాడికి అది గోడలా అడ్డొస్తుంది. "అయిదక్షరాల నా పేరు ముప్ఫయికి మించిందా?" అని ఆ అమ్మాయి విస్తుపోతుంది. చివరకు పేరును ఇంగ్లీషులో రాసో, "వెంకట" తీసేసో పని జరుపుకుంటారు. అలా సర్టిఫికెట్టులో పేరే మారిపోతుంది.

"మీరు అడిగింది ఇదేనా?"

మార్కుల నిలువు వరుస పేరు తప్పుగా కొడితే "అలాంటి నిలువు వరుస లేదు" అని వస్తుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 2016 జనవరిలో విడుదలైన 9.5 వెర్షను నుంచి ఒక అడుగు ముందుకు వేసి, "బహుశా మీ ఉద్దేశం ఫలానా వరుస కావచ్చు" అని సూచన పంక్తిలో చెబుతోంది. మన మనసులోది దానికెలా తెలిసింది? ఇందులో చక్కని గణితం ఉంది.

వ్లాదిమిర్ లెవెన్‌స్టీన్ అనే సోవియట్ శాస్త్రజ్ఞుడు 1965లో రెండు మాటల మధ్య "దూరం" కొలిచే పద్ధతి చెప్పాడు. ఆయన ఆలోచిస్తున్నది సందేశాలు పంపేటప్పుడు మధ్యలో గుర్తులు పోవడం, కొత్తవి చేరడం గురించి. ఒక మాటను ఇంకో మాటగా మార్చడానికి మూడు పనులే చేయవచ్చు: ఒక అక్షరం చేర్చడం, ఒకటి తీసేయడం, ఒకదాని బదులు ఇంకొకటి పెట్టడం. కనీసం ఎన్ని పనులు కావాలో అదే దూరం. "కలము"ను "కమలము" చేయాలంటే ఒక అక్షరం చేరిస్తే చాలు. దూరం 1. "మామిడి"ని "మామూలు" చేయాలంటే రెండు అక్షరాలు మార్చాలి. దూరం 2. (ఇక్కడ మనం మన పద్ధతిలో అక్షరాలు లెక్కపెట్టాం. కంప్యూటరు గుర్తులు లెక్కపెడితే జవాబు వేరుగా రావచ్చు. వెంకటలక్ష్మి కథ గుర్తుందిగా!) మీరు కొట్టిన తప్పు పేరు నుంచి పట్టికలో ఉన్న ప్రతి పేరుకూ దూరం కొలిచి, అతి దగ్గరగా ఉన్నదాన్ని చూపిస్తుంది. అన్నీ మరీ దూరమైతే ఊహించదు, ఊరుకుంటుంది.

దగ్గరి పేరు తెలిసినప్పుడు అదే దిద్దుకుని పని చేసేయవచ్చు కదా అని మీకు సందేహం రావచ్చు. అలా చేసిన యంత్రాలు ఉన్నాయి. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో 1970ల్లో విద్యార్థుల కోసం పీఎల్/సీ అనే ఏర్పాటు తయారు చేశారు. ఆ రోజుల్లో కార్డులకు రంధ్రాలు కొట్టి ఇచ్చి, ఫలితం కోసం చాలాసేపు కాచుకోవలసి వచ్చేది. ఒక్క కామా కోసం మళ్లీ వరుసలో నిలబడడం ఎందుకని ఆ ఏర్పాటు చిన్న చిన్న దోషాలను తానే దిద్ది, ఏం దిద్దిందో చెప్పి, ముందుకు సాగేది. నేర్చుకునేవాడి లెక్కకు అది మంచిదే. డేటాబేస్‌లో అలా కుదరదు. "1417 వరుస తీసేయి" అనబోయి నేను "14177" అని కొట్టాననుకోండి. దగ్గరిదని ఊహించి ఎవరో ఒకరి వివరాలు తీసేస్తే? అందుకే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ పేర్ల విషయంలో కూడా "బహుశా" అంటుంది. ఊహ చెప్పి, నిర్ణయం మనకే వదిలిపెడుతుంది.

మాట తీరు

మెరీలాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన బెన్ ష్నైడర్‌మన్ కంప్యూటరు సందేశాల మాట తీరు గురించి 1982లో రాశాడు. "ఇల్లీగల్", "ఫేటల్" లాంటి కటువు మాటలు కొత్తవాళ్లను భయపెడతాయనీ, ఏం చేయాలో చెప్పే మాటలు కావాలనీ ఆయన వాదన. నిజమే. "ఇల్లీగల్" అంటే చట్టవిరుద్ధం. తేదీ తప్పు రాస్తే ఏ చట్టం ఉల్లంఘించినట్టు? పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ నియమావళిలో కూడా ఆ మాటను వాడవద్దనే ఉంది. ఇంకో చిన్న సంగతి నాకు బాగా నచ్చింది. ఒక పని ఈసారి జరగలేదు, మళ్లీ ప్రయత్నిస్తే జరగవచ్చు అనుకుంటే "చేయలేకపోయింది" అనాలట. ఎన్నిసార్లు ప్రయత్నించినా జరగనిదైతే "చేయడం కుదరదు" అనాలట. అయిదుసార్లు తేదీ కొట్టిన గుమాస్తాకు ఈ తేడా ఎంత ఉపయోగపడేదో ఆలోచించండి.

అన్నీ చెప్పేయవచ్చా?

చెప్పకూడనివీ ఉన్నాయి. ఒరాకిల్‌లో లేని పట్టికను అడిగితే "పట్టిక లేదు" అనే అర్థంతో 00942 సంఖ్య గల సందేశం వస్తుంది. పట్టిక ఉండి, దాన్ని చూసే అనుమతి మీకు లేకపోయినా అదే సందేశం! ఇది చూసి కొత్తవాళ్లు గంటల తరబడి స్పెల్లింగు సరిచూసుకుంటారు. కాని దీని వెనుక ఒక కారణం ఉంది. "ఉంది గాని నీకు చూపించను" అంటే, ఉందన్న సంగతి బయటపడినట్టే. ప్రధానోపాధ్యాయుడి బీరువాలో ప్రశ్నాపత్రాలు ఉన్నాయా అని ఎవరో అపరిచితుడు అడిగితే ఆయన ఏమని జవాబు చెబుతాడు? బ్యాంకు వెబ్‌సైటు "పేరు గాని పాస్‌వర్డు గాని తప్పు" అని రెండూ కలిపి చెప్పడం కూడా అందుకే. పేరు సరైనదే అని చెబితే దొంగకు సగం పని తప్పుతుంది.

అయితే దీన్ని సాకుగా చేసుకుని అన్నిటికీ నోరు మూసుకోవడం సరికాదు. తన పేరు తాను రాసుకుంటున్న విద్యార్థికి గడి చాలలేదని చెబితే ఏ రహస్యమూ బయటపడదు. రహస్యం ఉన్నచోట మంచి కార్యక్రమాలు పూర్తి వివరాన్ని లోపల ఒక చిట్టాలో రాసుకుని, వాడేవాడికి ఒక సంఖ్య మాత్రం ఇస్తాయి. ఆ సంఖ్య పట్టుకుని ఫోను చేస్తే, ఇంజనీరు చిట్టా తీసి చూసి కారణం చెప్పగలుగుతాడు.

మీరే చేసి చూడండి

1. నలుగురు కలిసి ఒక నోటుపుస్తకంలో విద్యార్థులు, మార్కులు అనే పట్టికలు గీయండి. ఒకరు డేటాబేస్ కావాలి. మిగిలినవాళ్లు చీటీల మీద వివరాలు రాసి ఇవ్వాలి. కొన్నిట్లో కావాలని తప్పులు పెట్టాలి. మొదటి ఆటలో డేటాబేస్ "కాదు" అని మాత్రమే అనాలి. రెండో ఆటలో ఏ గడి, ఏ విలువ, ఏ నియమం అనేవి చెప్పాలి. రెండు ఆటల్లోనూ చీటీలన్నీ సరిదిద్దడానికి పట్టిన సమయం గడియారం చూసి రాయండి.

2. మీ పూర్తి పేరును తెలుగులో రాసి, గుర్తులుగా విడగొట్టి, యూటీఎఫ్-8లో ఎన్ని బైట్లవుతుందో లెక్కకట్టండి. రాజేశ్వరికి 27 రావాలి. 30 బైట్ల గడిలో మీ తరగతిలో ఎంతమంది పేర్లు పడతాయి?

3. కింది సందేశాలను ఏడో తరగతి విద్యార్థికి అర్థమయ్యేలా తిరిగి రాయండి. ప్రతిదానికీ జరిగింది, వివరం, సూచన అని మూడు పంక్తులు ఉండాలి. (అ) మార్కుల పట్టికలో 1471 నెంబరుకు మార్కులు వేయబోతే వచ్చిన "విదేశీ కీ నియమం ఉల్లంఘించబడింది". (ఆ) లెక్కల గడిలో 105 వేస్తే వచ్చిన "విలువ చెల్లదు". (ఇ) సాయంత్రం కరెంటు పోయి వచ్చాక కనిపించిన "08006". దీనికి "చేయలేకపోయింది" వాడాలా, "చేయడం కుదరదు" వాడాలా?